రాబందు కథ – పాల సంఘానికి పాఠం

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యులు, కార్యదర్శుల శిక్షణ తరగతులలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'పర్యావరణ విధానాలు – నిర్ణయాలు ఎలా జరుగుతాయి'. అంశం వినగానే మీలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెన్న శాతం గురించో, దాణా ధర గురించో చెబుతాడనుకుంటే ఈ గొడవ మనకెందుకు అనిపించి ఉంటుంది. అలా అనిపించడం సహజమే. నేనేమీ శాస్త్రవేత్తను కాను. సహకార డిప్లొమా చేసి, ముప్పై ఏళ్లుగా ఓచర్లు, తీర్మానాల పుస్తకాలు తిరగేస్తున్నవాడిని. అందుచేత పెద్ద సిద్ధాంతాలు చెప్పను. మన దొడ్డిలో మొదలై, ఢిల్లీ దాకా వెళ్లి, మళ్లీ మన దొడ్డికే తిరిగివచ్చిన ఒక నిర్ణయం కథ చెబుతాను. అది రాబందుల కథ.

మన పెద్దలకు రాబందు కొత్త పక్షి కాదు. జటాయువు పేరు తెలియని ఇల్లు లేదు. నాకు పదేళ్ల వయసున్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చిపడితే గంటలోపల ఆకాశంలో చుక్కల్లా కనిపించేవి. సాయంత్రానికి ఎముకలు మిగిలేవి. వాసన ఉండేది కాదు, ఈగ ఉండేది కాదు. జీతం తీసుకోని పారిశుధ్య సిబ్బంది అవి. ఈనాడు మన పిల్లలకు రాబందును చూపించాలంటే జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాలి. ఏమైపోయాయి?

నా తనిఖీలో జరిగిన పొరపాటు

ముందు నా సంగతి చెప్పాలి. సుమారు పదిహేనేళ్ల క్రితం ఒక సంఘంలో లెక్కల తనిఖీకి వెళ్లాను. మంచి సంఘం. పశువుల మందుల నిల్వ రిజిస్టరు చూశాను. నొప్పికి, జ్వరానికి వాడే సూదిమందు 30 మిల్లీలీటర్ల సీసాలు పట్టణంలోని మెడికల్ షాపులో కొన్నట్టు బిల్లులున్నాయి. బిల్లు ఉంది, సంతకం ఉంది, నిల్వ సరిపోయింది. పచ్చ సిరాతో టిక్కు పెట్టాను.

బయటికి వస్తుంటే పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దమ్మ అడిగింది: "సారూ, అన్ని లెక్కలు చూస్తివి గదా. మా బర్రె సచ్చి వారమైంది. కుక్కలు పీకుతున్నయి గాని గద్ద రాలేదు, రాబందు రాలేదు. బడికి పోయే పోరన్ని నిన్న కుక్క కరిసింది. గీ లెక్క ఎవరు చూడాలె?"

నవ్వి వచ్చేశాను. పంచాయతీవాళ్లు చూడాలి పెద్దమ్మా అన్నాను. నేను టిక్కు పెట్టిన సీసాకు, ఆమె అడిగిన ప్రశ్నకు సంబంధం ఉందని చాలాకాలం తరువాత ఒక పశువైద్యుడు చెబితే తెలిసింది. ఆ మందు పేరు డైక్లోఫెనాక్. పశువులకు దానిని వాడరాదని అప్పటికే ఉత్తర్వు ఉన్నది. ఆ సంగతి సంఘ కార్యదర్శికి తెలియదు, గోపాలమిత్రకు తెలియదు, తనిఖీకి వెళ్లిన నాకూ తెలియదు. ఉత్తర్వు మా దాకా ఎందుకు రాలేదు? వచ్చే ముందు మమ్మల్ని ఎవరైనా అడిగారా? ఆ ప్రశ్నలే నన్ను ఈ విషయం చదివేలా చేశాయి.

మందుకూ పక్షికీ ఏమి సంబంధం?

1980లలో మన దేశంలో రాబందులు లక్షల్లో కాదు, కోట్లలో ఉన్నాయని లెక్క. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కేవలదేవ్ జాతీయ పార్కు ఉన్నది. అక్కడ పక్షులను గమనిస్తున్న బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం శాస్త్రవేత్త డాక్టర్ విభు ప్రకాశ్ 1990లలోనే గూళ్లు ఖాళీ అవుతున్నట్టు గుర్తించారు. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపల వెయ్యింటికి ఒకటి మిగిలాయి. మిగతా రెండు జాతులు కూడా వందకు 97 వంతులు పోయాయి.

మొదట ఏదో అంటురోగం అనుకున్నారు. పురుగుమందులేమో అన్నారు. 2004లో పాకిస్తాన్‌లోని పంజాబులో పరిశోధన చేసిన బృందం అసలు కారణం ప్రకటించింది. పశువుకు డైక్లోఫెనాక్ వేసిన కొద్ది రోజులలోనే అది చనిపోతే మందు మాంసంలో మిగిలి ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై కొన్ని రోజులలోనే చస్తుంది. వందకు ఒకటి కంటే తక్కువ కళేబరాలలో ఆ మందు ఉన్నా చాలు, జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఎందుకంటే ఒక్క కళేబరం మీద పదులకొద్దీ రాబందులు వాలతాయి. పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది.

మనం తప్పు చేశామా? తెలిసి చేయలేదు. 1990ల నుంచి ఆ మందు చౌకగా దొరికింది. పొదుగు వాపు వచ్చి పాలు ఇవ్వని గేదె, కుంటుతున్న ఎద్దు ఒక్క సూదితో లేచి నిలబడేవి. రెండు పూటల పాలే ఆధారమైన ఇంటికి అది సంజీవని. ఆ ఇంటి కష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎవరూ మనల్ని నిందించరాదు.

ఢిల్లీలో ఎవరెవరు కూర్చున్నారు?

కారణం తెలిసింది. ఇక నిర్ణయం ఎవరు తీసుకోవాలి? ఇక్కడే అసలు చిక్కు. రాబందు పర్యావరణ మంత్రిత్వ శాఖ కిందికి వస్తుంది. మందు ఆరోగ్య మంత్రిత్వ శాఖ కిందికి వస్తుంది. పశువు ఆ రోజుల్లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ కింద ఉండేది. మందు తయారీకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి. అమ్మేది సందు చివర దుకాణదారు. ఒక పక్షి బతకాలంటే ఇన్ని ఫైళ్లు కదలాలి.

ప్రధానమంత్రి అధ్యక్షుడుగా ఉండే జాతీయ వన్యప్రాణి మండలి 2005 మార్చిలో పశువైద్యంలో ఈ మందును ఆపాలని సిఫారసు చేసింది. సిఫారసు వేరు, ఉత్తర్వు వేరు. సంఘంలో కూడా అంతే కదా. తీర్మానం రాసిన రోజునే బోనస్ పంచినట్టు కాదు. ఔషధ నియంత్రణ అధికారి నుంచి రాష్ట్రాలకు ఉత్తర్వు 2006 మే నెలలో వెళ్లింది. మధ్యలో పద్నాలుగు నెలలు గడిచాయి.

ఆ పద్నాలుగు నెలలలో నలుగురు నాలుగు వైపుల నుంచి లాగారు. పక్షి శాస్త్రవేత్తలు రోజు ఆలస్యమైతే రోజు నష్టమని పట్టుబట్టారు. మందు ఆపితే పశువుకు ఏమి వేయాలని పశువైద్యులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబుగా మెలోక్సికామ్ అనే మందును ఆఫ్రికాలోని రాబందుల మీద, తరువాత మన దేశంలోని రాబందుల మీద పరీక్షించి, ప్రమాదం లేదని 2006 జనవరిలో ప్రకటించారు. ఈ పనిలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ కూడా పాల్గొన్నది. ప్రత్యామ్నాయం చేతికి వచ్చిన నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. వద్దు అని మాత్రమే చెప్పినంత కాలం ఫైలు నత్తనడక నడిచింది. వద్దు అనడంతో పాటు, దానికి బదులు ఇది వాడండి అని చూపించగలిగినప్పుడు త్వరగా కదిలింది. ఇది మనం గుర్తు పెట్టుకోవలసిన మొదటి పాఠం.

ఇన్ని చర్చలలో ఒక కుర్చీ మాత్రం ఖాళీగా ఉన్నది. ఆ సూది వేయించేది ఎవరు? డబ్బు ఇచ్చేది ఎవరు? గొడ్డు చనిపోతే నష్టపోయేది ఎవరు? పాడి రైతు. దేశంలో లక్షకు మించి పాల సంఘాలు ఉన్నాయి. కోటికి మించి సభ్యులున్నారు. ఈ నిర్ణయంలో మన గొంతు వినిపించిన దాఖలా నాకు కనబడలేదు. పిలవనందుకు వారిని అనవచ్చు. అడగనందుకు మనల్ని మనం అనుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదు.

ఉత్తర్వు తరువాత అసలు కథ

2006 ఉత్తర్వుతో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. 2008లో గెజెట్‌లో కూడా ప్రకటించారు. అయినా కళేబరాలలో ఆ మందు తగ్గిందే గాని పోలేదు. కారణం, పశువుల సీసా పోయి మనుషుల సీసా వచ్చింది. మనిషికి ఒక సూదికి 3 మిల్లీలీటర్లు చాలు. 30 మిల్లీలీటర్ల సీసాలు ఎందుకు తయారయ్యేవి? మీరే ఊహించుకోండి. నా పచ్చ సిరా టిక్కు పడింది ఆ సీసాల మీదనే.

ఈ దొడ్డిదారి మూయడానికి 2015 జూలైలో కేంద్రం మరో ఉత్తర్వు ఇచ్చింది. మనుషులకు వాడే డైక్లోఫెనాక్ సూదిమందు 3 మిల్లీలీటర్లకు మించని, ఒక్క మోతాదు సీసాలలోనే అమ్మాలి అన్నది. తయారీ కంపెనీలు ఊరుకోలేదు, మద్రాసు హైకోర్టుకు వెళ్లాయి. కోర్టు 2017లో ఆ పిటిషన్లను కొట్టివేసింది. అంటే మొదటి ఉత్తర్వు నుంచి ఈ దారి మూతపడటానికి పదకొండు ఏళ్లు పట్టింది. కంపెనీలకు వకీలు ఉన్నాడు. పక్షుల తరఫున స్వచ్ఛంద సంస్థలు నిలబడ్డాయి. పెద్దమ్మ మనవడి తరఫున ఎవరూ లేరు.

తరువాత ఇంకో సంగతి బయటపడింది. డైక్లోఫెనాక్ పోయిన చోట దాని అన్నదమ్ములు వచ్చాయి. అసెక్లోఫెనాక్ అనే మందు పశువు శరీరంలోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రొఫెన్ కూడా రాబందులకు విషమే. ఈ రెండింటినీ పశువులకు వాడరాదని 2023 జూలై ఆఖరున ఉత్తర్వు వచ్చింది. నిమెసులైడ్‌ను 2024 డిసెంబరు ఆఖరున నిషేధించారు. మెలోక్సికామ్, టోల్ఫెనామిక్ యాసిడ్ ఈ రెండూ రాబందులకు ప్రమాదం లేనివని పరీక్షలలో తేలింది. ఈ పేర్లు దయచేసి రాసుకోండి. పశువు ఆరోగ్యాన్ని బట్టి ఏది, ఎంత వేయాలో మాత్రం పశువైద్యుడే చెప్పాలి.

రాబందు పోతే మనకేం?

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. అట్లాగే రాబందు చావు రైతుకు బాధా అని కొందరు అడగవచ్చు. లెక్క చెబుతాను. రాబందు తినవలసినది కుక్క తిన్నది. కుక్కలు పెరిగాయి. కుక్కకాటు పెరిగింది. నీళ్లలో కుళ్లు చేరింది. ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు, ఫ్రాంక్, సుదర్శన్ అనేవారు, 2024లో ఒక అంచనా ప్రకటించారు. రాబందులు పోయిన కారణంగా 2000 నుంచి 2005 వరకు మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని వారి లెక్క. ఇది అంచనాయే అయినా, మనం ఆలోచించవలసిన అంచనా. ఆ పెద్దమ్మ అడిగిన లెక్కను ఇన్నేళ్లకు ఎవరో చూశారు.

మన దగ్గర ఆశ పూర్తిగా పోలేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉన్నది. అక్కడ పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టినట్టు 2013లో కనుగొన్నారు. హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచి పిల్లలు చేయిస్తున్నారు. ఆ పిల్లలను బయట వదిలితే బతకాలంటే, చుట్టూ ఉన్న పాడి పశువుల ఒంట్లో విషపు మందు ఉండరాదు. వారు పెంచగలరు. అవి బతకడం మన చేతిలో ఉన్నది.

నిర్ణయం జరిగే దారి

ఒక్క కథతో ఆపకుండా, మామూలుగా ఈ నిర్ణయాలు ఎలా జరుగుతాయో నాలుగు మాటలు చెబుతాను. 1974లో నీటి కాలుష్య చట్టం, 1981లో గాలి కాలుష్య చట్టం వచ్చాయి. భోపాల్ దుర్ఘటన 1984 డిసెంబరులో జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ప్రాణాలు పోయిన తరువాతనే చట్టాలు రావడం మన అలవాటైపోయింది.

చట్టం కింద నిబంధనలు చేసేటప్పుడు సాధారణంగా ముందుగా ముసాయిదా ప్రకటిస్తారు. పర్యావరణ చట్టం కింద అభ్యంతరాలకు మామూలుగా 60 రోజులు గడువు ఉంటుంది. ఆ రోజులలో కంపెనీలవారు నిపుణులను పెట్టి పేజీలకొద్దీ రాసి పంపుతారు. పరిశ్రమల సమాఖ్యలు మంత్రులను కలుస్తాయి. స్వచ్ఛంద సంస్థలు రాస్తాయి. మనం రాయము. రాయనివాడికి అభ్యంతరం లేదనే ఫైలు చెబుతుంది.

భాష అడ్డం అంటారా? నిజమే. 2020లో పర్యావరణ అనుమతుల ముసాయిదాను ఇంగ్లీషు, హిందీలలో ప్రకటించారు. దానిని రాజ్యాంగంలోని 22 భాషలలోకి అనువదించాలని, గడువు పెంచాలని 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఒకరు అడిగితేనే ఆ ఆదేశం వచ్చింది.

మీ దగ్గరలో పెద్ద పరిశ్రమ, గని వంటిది పెట్టదలచినప్పుడు చాలావాటికి 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. స్థానిక భాషా పత్రికలో ప్రకటించాలి. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. చెప్పిన మాటలన్నీ రాసి, చివరలో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. మన సర్వసభ్య సమావేశం కోరం లేక వాయిదా పడుతుంది గాని, ఆ సభ పడదు. కనుక వెళ్లకపోతే నష్టం మనకే. వెళ్లినంత మాత్రాన పరిశ్రమ ఆగిపోతుందని కూడా నేను చెప్పను. కాని మీరు చెప్పిన అభ్యంతరానికి వారు జవాబు రాయవలసి ఉంటుంది. పశువులు తాగే చెరువు, మేత పొలం, బోరు నీళ్లు, వీటి గురించి మనకంటే బాగా చెప్పగలవారు ఎవరు?

సంఘం చేయవలసిన పనులు

ఇన్‌స్పెక్టరును గనుక పనులు చెప్పకుండా ముగించలేను.

1. రేపే మందుల నిల్వ రిజిస్టరు తెరవండి. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్ పశువుల కోసం కొన్నట్టు ఉంటే ఆపండి. పశువైద్యుని సలహాతో మెలోక్సికామ్ వంటివి తెప్పించండి. ఒకప్పుడు దాని ధర ఎక్కువ. తయారీదారులు పెరిగిన మీదట అందుబాటులోకి వచ్చింది.

2. ఈ నాలుగు పేర్లు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పాల సేకరణ కేంద్రం గోడకు అంటించండి. క్యాను దగ్గర నిలబడ్డవారందరూ చూస్తారు.

3. మందు వేసిన పశువు చనిపోతే దానిని బయట పడేయవద్దు. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

4. సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఏటా ఒక అంశం పెట్టండి: 'ఊరి నీరు, మేత, పశువుల మందులు'. తీర్మానం రాసి జిల్లా యూనియన్‌కు పంపండి. యూనియన్లు ఫెడరేషన్‌కు పంపాలి. ఒక సంఘం ఉత్తరం బుట్టలో పడవచ్చు. వెయ్యి సంఘాల తీర్మానం బుట్టలో పట్టదు.

5. ఏ మందునైనా, ఏ పద్ధతినైనా ప్రభుత్వం ఆపదలచినప్పుడు, బదులు ఏది, దాని ఖర్చు ఎవరిది అని గడువు లోపల రాసి అడగండి. అది అడ్డుపడటం కాదు. నిర్ణయం సరిగా అమలు కావడానికి అది సాయం.

సోదర సోదరీమణులారా, సహకారం అంటే పాలు పోసి డబ్బు తీసుకోవడం మాత్రమే అయితే దళారీ కూడా ఆ పని చేస్తాడు. ఒక్కరు చెబితే వినబడని మాటను పదిమంది కలిసి వినిపించడానికి సంఘం పెట్టుకున్నాం. నిర్ణయం జరిగేచోట ఖాళీగా ఉన్న ఆ కుర్చీ మనది. అక్కడ కూర్చోవడం నేర్చుకోవాలి.

ఆ పెద్దమ్మను మళ్లీ చూశాను. మొన్న అదే సంఘానికి తనిఖీకి వెళ్లినప్పుడు ఆమె కోడలు పాలకవర్గంలో ఉన్నది. మందుల రిజిస్టరు తానే తెచ్చి ముందు పెట్టింది. మెలోక్సికామ్ బిల్లులు ఉన్నాయి. సీసా పేరు చదివిన తరువాతనే ఈసారి టిక్కు పెట్టాను. అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ, "ఇయ్యాల లెక్క జూసినవు సారూ" అన్నది. నా ఉద్యోగంలో వచ్చిన ప్రశంసాపత్రాలన్నిటికంటే ఆ మాట పెద్దదనుకుంటున్నాను.